మెట్లెక్కితేనే నొప్పెందుకు? గుండె కండకు రక్తం అందే తీరు

మీరడిగింది ముందు నా మాటల్లో చెప్తాను, పొరబడితే సరిదిద్దండి. నాన్నగారికి 61 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయి. రెండో అంతస్తు మెట్లెక్కేసరికి, లేదా రాత్రి భోంచేసి వీధి చివరిదాకా నడిచేసరికి ఛాతీ మధ్యలో పట్టేస్తోంది. ఆగి నిలబడితే మూడు నాలుగు నిమిషాల్లో సర్దుకుంటోంది. ఈసీజీ, ఎకో రెండూ బాగున్నాయి. యాంజియోగ్రామ్‌లో మాత్రం ఎల్‌ఏడీలో, అంటే గుండె ముందు గోడకి రక్తం తెచ్చే నాళంలో, 70 శాతం బ్లాక్ అన్నారు. నూటికి డెబ్బై వంతులు మూసుకుపోతే మనిషి కుర్చీలో కూర్చుని హాయిగా పేపరెలా చదువుతున్నాడన్నది మీ మొదటి అనుమానం. పోయినేడాది మీ మేనత్తగారికి అచ్చం ఇదే నొప్పి వస్తే యాంజియోలో ఏమీ లేదని ఇంటికి పంపేశారు, మరి ఆవిడకెందుకొచ్చింది అన్నది రెండోది. స్టెంట్ (ఇరుకైన నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేయించాలా వద్దా అన్నది ఈ రెండిటి వెనకా ఉన్న అసలు బెంగ.

సూటిగా చెప్పాలంటే: కూర్చున్నప్పుడు నాన్నగారి గుండెకు రక్తం నిజంగానే సరిపోతోంది. బ్లాకుకి దిగువనున్న సన్న నాళాలు వాటంతట అవే తెరుచుకుని లోటు పూడ్చేస్తున్నాయి. మెట్లెక్కినప్పుడు ఇంకా తెరుచుకుందామంటే వాటి దగ్గర మిగిలిందేమీ లేదు. మేనత్తగారి సంగతి దీనికి తలకిందులు కావచ్చు. పెద్ద నాళాలు బాగుండి, ఆ సన్న నాళాలే తెరుచుకోవడం మానేసి ఉండొచ్చు. స్టెంట్ సంగతి 70 అన్న అంకె ఒక్కటే తేల్చదు. అవసరమొచ్చినప్పుడు ఆ నాళంలో ప్రవాహం ఎంత పెరగగలదన్నది తేలుస్తుంది. దాన్ని కొలిచే పద్ధతి ఉంది, కింద చెప్తాను.

నేను ఇరవై రెండేళ్లుగా గుండె డాక్టర్ని, అందులో ఎక్కువ కాలం యాంజియోగ్రాములు, స్టెంట్లు చేసే క్యాథ్ ల్యాబ్‌లోనే గడిచింది. పుట్టింది గోదావరి డెల్టాలో, కాలువ కింద నాలుగెకరాలున్న ఇంట్లో. అందుకే పేషెంట్లకి ఈ విషయం కాలువ లెక్కలోనే చెప్పడం అలవాటైపోయింది. ఇక్కడా అలాగే చెప్తాను, భరించండి.

గోదారి పక్కనే పారుతున్నా కాలువ లేకపోతే పొలం తడవదు. గుండె పరిస్థితీ అంతే. లోపలి గదుల నిండా రక్తమున్నా, గోడలోని కండ దాన్ని తాగలేదు. లోపలి అంచున పలచటి పొర ఏదో కాస్త పీల్చుకుంటుందంతే. మిగతా మందమంతా బతికేది గుండె నుంచి బయటికొచ్చిన రక్తం మళ్లీ వెనక్కి తిరిగి వస్తేనే. అయోర్టా అనే పెద్ద ధమని మొదట్లో, కవాటానికి కాస్త పైన, రెండు చిన్న రంధ్రాలుంటాయి. కుడి, ఎడమ కరోనరీ నాళాలు బయలుదేరేది అక్కణ్నుంచే. ఎడమది కొద్ది దూరం పోయి రెండుగా చీలుతుంది. అందులో ముందు వైపుకి దిగేదే మీరు రాసిన ఎల్‌ఏడీ. గుండెలో బరువైన పని చేసే ఎడమ గది ముందు గోడకంతా అదే ప్రధాన కాలువ.

ఇందులో పారే రక్తం ఎంత? పెద్ద మనిషి కూర్చుని ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 225 నుంచి 250 మి.లీ. అంటే ఒక పెద్ద గ్లాసుడు. గుండె మొత్తం పంపే అయిదు లీటర్లలో ఇది 4, 5 శాతం. గట్టిగా పరుగెత్తితే అదే నాలుగైదు రెట్లవుతుంది, అవ్వాలి కూడా. ఎందుకు అవ్వాలో చూడండి, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

ముందు మిగతా శరీరం సంగతి. 100 మి.లీ. రక్తంలో దాదాపు 20 మి.లీ. ఆక్సిజన్ ఉంటుంది. మనిషి ఊరికే ఉన్నప్పుడు శరీరం మొత్తం మీద సగటున అందులో అయిదే వాడుకుని పదిహేను వెనక్కి పంపేస్తుంది. పని పెరిగితే అదే రక్తంలోంచి ఇంకా గుంజుకోవచ్చు, వెసులుబాటుంది. గుండె అలా కాదు. అది నిద్రలో కూడా కొట్టుకోవాల్సిందే కదా. విశ్రాంతిలోనే ఇరవైలో పద్నాలుగు, పదిహేను లాగేసుకుంటుంది. గుండె సిరలోంచి తీసిన రక్తం సిరంజిలో మామూలు సిర రక్తం కంటే నల్లగా కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేను శాంపిల్ పాడైందేమోననుకున్నాను. కాబట్టి గుండెకి ఇంకాస్త ఆక్సిజన్ కావాలంటే ఉన్న దారి దాదాపు ఒక్కటే, ఇంకా ఎక్కువ రక్తం రావాలి. వేరే పొదుపులేవీ దాని దగ్గర లేవు.

ఆ ఎక్కువ రక్తాన్ని రప్పించేదెవరు? యాంజియోగ్రామ్ సీడీలో మీరు చూసిన నల్లటి గీతలు కావు. అవి పెద్ద కాలువలు, మామూలుగా వాటిలో అడ్డు చాలా తక్కువ. అసలు అదుపంతా వాటినుంచి చీలి కండలోకి దిగే, వెంట్రుకంత, అంతకన్నా సన్నటి నాళాలది. మా పొలాల్లో పిల్ల కాలువల తూములు ఎలాగో ఇవి అలాగ. ఒక్కో తూము తన కింది చేను అడిగిన మేరకు తెరుచుకుంటుంది. పైనుంచి ఎవరూ ఆజ్ఞాపించక్కర్లేదు. పైన ఒత్తిడి కాస్త తగ్గినా, పెరిగినా కూడా తూము తెరుచుకునో ముడుచుకునో కిందికి అదే నీరు అందేలా చూస్తుంది. సగటు బీపీ సుమారు 60 నుంచి 140 దాకా అటూ ఇటూ అయినా గుండె ప్రవాహం పెద్దగా మారదు. 60 కిందికి పోతే మాత్రం చేతులెత్తేస్తుంది.

చేను తూముని అడిగేదెలా? కండకి ఆక్సిజన్ చాలకపోతే అది వాడుకునే ఇంధనం విరిగి అడినోసిన్ అనే పదార్థం బయటికొస్తుంది. పక్కనున్న సన్న నాళాల్ని సడలించేది ఇదేనని 1963లో రాబర్ట్ బెర్న్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. చాలాకాలం అదొక్కటే అనుకున్నాం. తర్వాత అడినోసిన్‌ని అడ్డుకున్నా వ్యాయామంలో ప్రవాహం పెరుగుతూనే ఉందని తేలింది. అంటే పని చేసేవాళ్లు చాలామంది. పొటాషియం, కార్బన్ డయాక్సైడ్, ఆమ్లత, నాళపు గోడలోని కొన్ని ద్వారాలు, ఇలా ఒకటి మొండికేస్తే ఇంకొకటి అందుకుంటుంది. వీటికి తోడు నాళం లోపలి పూత ఉంది, ఎండోథీలియం. రక్తం జోరుగా ఒరుసుకుంటూ పారితే ఆ పూత నైట్రిక్ ఆక్సైడ్‌ని వదులుతుంది, నాళం వెడల్పవుతుంది. 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకి నోబెల్ వచ్చింది ఈ పనికే. ఈ పూత గురించి గుర్తుపెట్టుకోండి, మేనత్తగారి దగ్గర మళ్లీ దీనితో పనుంది.

ఇప్పుడు 70 శాతం సంగతి. మొదట ఆ అంకె దేనిదో తెలియాలి. అది నాళం వ్యాసంలో, అంటే అడ్డు కొలతలో, తగ్గుదల. దారి మొత్తంలో కాదు. ఎల్‌ఏడీ మొదట్లో వ్యాసం సుమారు 3.5 మి.మీ. అనుకోండి. 70 శాతం పోతే మిగిలేది 1 మి.మీ. చిల్లర. దారి వైశాల్యం లెక్కేస్తే మిగిలింది 9 శాతమే! అంటే మీరు భయపడ్డదానికంటే ఇరుకే. అయినా నాన్నగారు పేపర్ చదువుకోగలుగుతున్నారు. ఎందుకంటే దిగువ తూములు తెరుచుకున్నాయి. 1974లో లాన్స్ గౌల్డ్ అనే గుండె డాక్టర్ కుక్కల మీద చేసిన ప్రయోగం మా చదువుల్లో అందరికీ చెప్తారు. నాళాన్ని కొద్దికొద్దిగా బిగిస్తూ పోతే, వ్యాసం 85 శాతం తగ్గేదాకా విశ్రాంతి ప్రవాహం చెక్కుచెదరలేదు. కానీ తూములన్నీ బార్లా తెరిపించినప్పుడు పారగలిగే గరిష్ఠ ప్రవాహం మాత్రం సగం బిగించేసరికే పడిపోతూ వచ్చింది. నిలవ సొమ్ము ముందు కరిగిపోతుంది, రోజు ఖర్చుకి ఇబ్బంది ఆఖర్న వస్తుంది. నాన్నగారిది ఇప్పుడు నిలవ కరిగిన దశ. విశ్రాంతిలో తీసిన ఈసీజీ, ఎకో బాగుండడంలో ఆశ్చర్యం లేదు, అవి రెండూ రోజు ఖర్చునే చూస్తాయి. టీఎంటీలో బెల్టు మీద నడిపించేది నిలవ చూడ్డానికి.

మెట్ల మీద ఇంకో మెలిక ఉంది. శరీరంలో ప్రతి అవయవానికీ గుండె పిండుకున్నప్పుడే రక్తం జోరుగా వెళ్తుంది. ఎడమ గది కండకి మాత్రం దాదాపు అప్పుడు వెళ్లదు. తన పిడికిలి తనే బిగిస్తే లోపలి నాళాలు నలిగిపోతాయి కదా. అది రక్తం తాగేది పిడికిలి విప్పినప్పుడు. నాడి నిమిషానికి 75 ఉంటే ఒక్కో దెబ్బకి 0.8 సెకను. అందులో బిగింపు 0.27, సడలింపు 0.53. నిమిషం మొత్తంలో కండ తాగడానికి 40 సెకన్లు దొరుకుతాయి. నాడి 200కి పోతే సడలింపు 0.14 సెకనుకి కుంచించుకుపోతుంది, నిమిషానికి 28 సెకన్లే దక్కుతాయి. నాన్నగారి నాడి 200కి పోదు గానీ దారి అదే. పని పెరిగేకొద్దీ ఆకలి పెరుగుతుంది, తినడానికి వ్యవధి తగ్గుతుంది. ఆయనకి బీటా బ్లాకర్ మాత్ర, మెటోప్రొలాల్ లాంటిది, రాసి ఉంటారు. అది నాళాన్ని తెరవదు. నాడిని నెమ్మది చేసి కండకి తీరిగ్గా తాగే సమయమిస్తుంది, బిగింపు జోరు తగ్గించి ఆకలీ తగ్గిస్తుంది. 'ఈ మాత్రతో నాడి 58 అయింది, ఆపేశాం' అంటూ వచ్చేవాళ్లు నెలకి ఇద్దరుంటారు. కళ్లు తిరగడం, నీరసం లేకపోతే అది మందు పని చేస్తోందనడానికి గుర్తు. ఆపే ముందు మీ డాక్టర్‌ని అడగండి. హఠాత్తుగా ఆపితే నొప్పి ఎదురు తిరిగి విజృంభించిన కేసులున్నాయి.

ఈ నలుగుడు కండ మందమంతటా ఒకే తీరున ఉండదు. లోపలి పొరలో ఎక్కువ. పైగా అది నాళాల చిట్టచివర ఉంటుంది. మా వైపు శివారు ఆయకట్టు అంటాం. ఎగువన నీళ్లు తగ్గితే ముందు ఎండేది ఎప్పుడూ శివారే. గుండెపోటులో కండ చావడం మొదలయ్యేదీ లోపలి పొర నుంచే.

భోజనం తర్వాత నడకలో ఎక్కువ కావడం మీ నాన్నగారికే కాదు. తిన్నాక పేగులకి రక్తం ఎక్కువ కావాలి, గుండె దానికోసం ఎక్కువ పంపుతుంటుంది. దాని మీద నడక పడితే రెండు బరువులు. చలిగాలిలో కూడా అంతే, చర్మం నాళాలు బిగిసి బీపీ పెరుగుతుంది. మన ఇళ్లలో ఈ భోజనానంతర నొప్పికి పెట్టే పేరు 'గ్యాస్'. ఒకాయన రెండేళ్లపాటు ఏదన్నా తిని నడిచినప్పుడల్లా సోడా తాగి ఆగేవాడు, తగ్గేది. తగ్గించింది సోడా అనుకున్నాడు. ఆగడమే తగ్గించింది.

స్టెంట్ దగ్గరికొద్దాం.

70 శాతం అన్నది కంటితో వేసిన అంచనా. అదే బొమ్మని ఇద్దరు డాక్టర్లకి చూపిస్తే ఒకరు 60 అనొచ్చు, ఇంకొకరు 75 అనొచ్చు. నేనూ ఉదయం చూసినదాన్ని సాయంత్రం మార్చిన రోజులున్నాయి. ఇరుకు ఎంత పొడవుంది, దాని కింద ఎంత కండ ఆధారపడి ఉంది, పక్క నాళాల నుంచి దొడ్డిదారిన రక్తం వస్తోందా అన్నవేవీ ఆ శాతంలో కనపడవు. అందుకే ఎఫ్‌ఎఫ్‌ఆర్ అనే కొలత వచ్చింది. 1990లలో నికో పైల్స్, బెర్నార్డ్ డి బ్రూయ్న్ అనే గుండె డాక్టర్లు దీన్ని నిలబెట్టారు. మూడో వంతు మి.మీ. కంటే కాస్త లావున్న తీగ, కొసన పీడనం కొలిచే సెన్సర్‌తో, బ్లాకు దాటించి అవతల పెడతాం. తర్వాత అడినోసిన్ ఎక్కిస్తాం. అవును, కండ తనంతట తాను వదిలేదే. తూములన్నీ ఒక్కసారి బార్లా తెరుచుకుంటాయి. ఆ నిమిషం పేషెంటుకి బాగోదు. ముందే చెప్తాను, 'ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది, మొహం వేడెక్కుతుంది, ఆపిన అరనిమిషంలో పోతుంది' అని. అయినా చెయ్యి గట్టిగా పట్టుకుంటారు. మానిటర్ మీద రెండు గీతలు, ఎర్రది బ్లాకు ఎగువ పీడనం, పచ్చది దిగువ పీడనం. అప్పటిదాకా కలిసి నడుస్తున్నవి విడిపోతాయి, పచ్చది కిందికి జారుతుంది. ఎగువ 100 ఉంటే దిగువ 84 దగ్గర ఆగిందా, 0.84. ఆ నాళం మందులతో నెట్టుకురాగలదు. 0.80, అంతకన్నా కిందికి పోయిందా, ఆ ఇరుకు నిజంగానే కండని ఎండబెడుతోందని అర్థం. అడినోసిన్ అక్కర్లేకుండా విశ్రాంతిలోనే చూసే కొలతలూ ఇప్పుడున్నాయి.

ఒకే వారంలో నాకెదురైన ఇద్దరి గురించి చెప్తాను. ఒకరికి పక్క కొమ్మలో 75 శాతం అని రిపోర్టు, వేరే ఊళ్లో స్టెంట్‌కి తేదీ కూడా ఇచ్చేశారు. కొలిస్తే 0.86. మందులతో పంపించాను, ఇప్పటికి అయిదేళ్లు, పొలం పనులు చేసుకుంటున్నాడు. ఇంకొకరు స్కూలు మాస్టారు, ఎల్‌ఏడీ మొదట్లోనే 55 శాతం, పొడుగాటి ఇరుకు. బొమ్మ చూస్తే ఏమంత లేదనిపించింది. కొలిస్తే 0.71. అంకెని మాత్రమే నమ్ముంటే ఇద్దరికీ తప్పు వైద్యం చేసుండేవాణ్ని.

ఇంకో మాట గట్టిగా: నిలకడగా ఉన్న నొప్పికి వేసే స్టెంట్ గుండెపోటు రాకుండా రాసిచ్చే బీమా కాదు. 2020లో ఫలితాలొచ్చిన ఇస్కీమియా అనే పెద్ద ట్రయల్‌లో 5,179 మంది ఉన్నారు, అందరికీ పరీక్షల్లో కండకి రక్తం చాలడం లేదని గట్టిగా తేలినవాళ్లే. ముందుగానే స్టెంటో బైపాసో చేసినవాళ్లకీ, ముందు మందులతో చూసినవాళ్లకీ మూడేళ్లకి పైగా గమనిస్తే చావుల్లో, గుండెపోట్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నొప్పి మాత్రం స్టెంటో బైపాసో చేసినవాళ్లకి బాగా తగ్గింది. 2023లో వచ్చిన ఆర్బిటా-2 ట్రయల్ నొప్పి మందులు ఆపేసి, కొందరికి నిజం స్టెంట్, కొందరికి ఉత్తుత్తి ప్రొసీజర్ చేసి చూసింది. అక్కడా స్టెంట్ నొప్పిని నిజంగానే తగ్గించింది. కాబట్టి స్టెంట్ నాన్నగారి మెట్ల నొప్పికి మంచి మందు కావచ్చు. ప్రాణం కాపాడేది మాత్రం స్టాటిన్ (కొలెస్టరాల్ మాత్ర), ఆస్పిరిన్, బీపీ షుగర్ అదుపు, సిగరెట్ ఉంటే మానేయడం. ఒక మినహాయింపు: ఎడమ నాళం రెండుగా చీలకముందుండే లెఫ్ట్ మెయిన్ అనే మొదటి భాగంలో పెద్ద బ్లాకు ఉన్నవాళ్లని, పంపింగ్ బాగా పడిపోయినవాళ్లని ఇస్కీమియాలో చేర్చుకోలేదు. వాళ్ల లెక్క వేరు.

స్టెంట్ గుండెపోటుకి బీమా ఎందుకు కాదంటే, గుండెపోటు చాలాసార్లు ఇరుకు నెమ్మదిగా పూర్తిగా మూసుకుపోయి రాదు. నాళం గోడలో కొవ్వు పొక్కు ఉంటుంది, దాని పైకప్పు పలచనైతే ఒకరోజు పగులుతుంది. రక్తం దాన్ని గాయమనుకుని గడ్డ కట్టి నిమిషాల్లో దారి మూసేస్తుంది. పగిలే పొక్కు 40 శాతం ఇరుకు మీదిదైనా కావచ్చు, నిన్నటిదాకా ఏ పరీక్షలోనూ నొప్పి చూపించనిది. అప్పుడు తూములు ఎంత తెరుచుకున్నా ప్రయోజనం లేదు, కాలువలోనే నీళ్లు లేవు. 20 నిమిషాలు దాటేసరికి శివారు కండ చావడం మొదలవుతుంది, అక్కణ్నుంచి గంటల్లో బయటి పొరలదాకా పాకుతుంది. నాన్నగారి నొప్పి తీరు మారితే, అంటే కూర్చున్నప్పుడు వచ్చినా, 15, 20 నిమిషాలు దాటినా, ఇదివరకటికంటే తక్కువ నడకకే వస్తున్నా, చెమటలు పట్టినా, 108కి ఫోన్ చేయండి. ఇక్కడ పోస్టు పెట్టి జవాబుకోసం చూడొద్దు. షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి లేకుండా ఉత్త ఆయాసంగానో, విపరీతమైన నీరసంగానో కూడా రావచ్చు.

నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ గురించి చాలామందికి ఒక అపోహ. అది బ్లాకుని తెరుస్తుందనుకుంటారు. గట్టిపడ్డ బ్లాకుని అదేం చేయలేదు. ఎక్కువగా చేసే పని ఒళ్లంతా ఉన్న సిరల్ని సడలించడం. గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, గది ఉబ్బు తగ్గుతుంది, లోపలి పొర మీద నలుగుడు తగ్గి శివారుకి నీరెక్కుతుంది. కాబట్టి కూర్చుని పెట్టుకోవాలి, నిలబడి పెట్టుకుంటే బీపీ పడిపోయి కళ్లు తిరిగి పడతారు. వయాగ్రా తరహా మాత్రలు వాడేవాళ్లు దీన్ని ముట్టుకోకూడదు. ఈ మాట ఇంట్లో అడగడానికి మొహమాటం. నేను పేషెంటుని ఒక్కణ్నే ఉంచి అడుగుతాను.

బ్లాకు లేకుండానే రక్తం చాలకపోవడం చాలా ఉంది. పొలం కూలికెళ్లే ఒకావిడ, 50 దాటాయి, ఛాతీ నొప్పితో కాస్త దూరం కూడా బిందె మోయలేకపోతోందని తీసుకొచ్చారు. యాంజియో చేయమని రాసిచ్చి పంపారు. కనురెప్ప కిందికి లాగితే కాగితంలా ఉంది. హిమోగ్లోబిన్ 6.2. మూడు నెలలు ఐరన్, ముందు రక్తస్రావానికి వైద్యం, నొప్పి ఊసే లేదు. నేను ముందే చెప్పినట్టు గుండె ఉన్న ఆక్సిజన్ అంతా ఎప్పుడో లాగేసుకుంటోంది, రక్తమే పలచనైతే ఇంకెక్కడ్నుంచి తెస్తుంది? థైరాయిడ్ ఎక్కువైనా, అయోర్టా కవాటం ఇరుకైనా, ఏళ్లతరబడి బీపీతో కండ మందమెక్కినా ఇదే కథ. ముసలివాళ్లకి బీపీ మందులు మరీ ఎక్కువై కింది అంకె 50ల్లోకి పోయినా అంతే, కండ తాగేది సడలింపు వేళ కాబట్టి దానికి కావాల్సింది ఆ కింది అంకే.

ఇంకో రకం, నాళం బిగుసుకుపోవడం. 1959లో ప్రింజ్‌మెటల్ అనే డాక్టర్ వర్ణించాడు. 40 ఏళ్ల ఆటో డ్రైవరొకతను, పగలంతా మూటలెత్తినా ఏమీ కాదు, తెల్లవారుజామున నాలుగింటికి నొప్పితో లేచి కూర్చుంటాడు. ఒకరోజు అదే వేళకి ఈసీజీ తీస్తే గుండెపోటులానే ఉంది, పది నిమిషాలకి మళ్లీ మామూలు. నాళాలు దాదాపు శుభ్రం. రోజుకి రెండు ప్యాకెట్ల సిగరెట్లు. ఇలాంటివాళ్లకి బీటా బ్లాకర్ ఒక్కటే ఇస్తే ఎదురు తిరగొచ్చు, నాళాన్ని సడలించే డిల్టియాజెమ్ లాంటివి పని చేస్తాయి. సిగరెట్ మానేశాక అతనికి నొప్పి మళ్లీ రాలేదు.

ఇక మీ మేనత్తగారు. యాంజియోగ్రామ్‌లో అర మి.మీ. కన్నా సన్నటి నాళాలు కనపడవు. అంటే పెద్ద కాలువల బొమ్మ చూసి తూములన్నీ బాగున్నాయని సంతకం పెట్టినట్టు. షుగర్, బీపీ, కొలెస్టరాల్, పొగ వల్ల లోపలి పూత దెబ్బతింటే తూము సడలమన్నప్పుడు సడలదు. పరీక్ష కోసం ఎసిటైల్‌కొలీన్ అనే పదార్థం ఎక్కిస్తే వెడల్పు కావాల్సిన నాళం, పూత పాడైతే ముడుచుకుపోతుంది. దీన్ని మైక్రోవాస్క్యులర్ యాంజైనా అంటారు, ఆడవాళ్లలో ఎక్కువగా చూస్తాం. విశ్రాంతి ప్రవాహం గరిష్ఠంగా ఎన్ని రెట్లు పెరుగుతుందో తీగతోగానీ పెట్ స్కాన్‌తోగానీ కొలవొచ్చు. రెండు రెట్లు కూడా పెరగకపోతే నాళాలు ఎంత శుభ్రంగా కనపడినా అది జబ్బే. 'ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో' అని ఇంటికి పంపిన ఇలాంటివాళ్లు నా దగ్గరికి ఫైళ్ల సంచితో వస్తారు. అందులో కొన్ని నా సంతకమున్న పాత కాగితాలే, మొదటి పదేళ్లలో నేనూ అదే రాశాను. ఆవిడకి ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించండి. అవి బాగుంటే మైక్రోవాస్క్యులర్ అని పేరు పెట్టి అడగండి. మందులున్నాయి, స్టెంట్ పెట్టే చోటు మాత్రం ఇందులో లేదు.

నాన్నగారి యాంజియో రిపోర్టు చివరి పేజీలో ఎఫ్‌ఎఫ్‌ఆర్ అని ఎక్కడన్నా ఉందేమో చూడండి. లేకపోతే ఆ 70 శాతం ఎల్‌ఏడీలో మొదట్లోనా, మధ్యలోనా, ఎంత పొడవు అన్నది, ఇప్పుడు వాడుతున్న మందుల పేర్లు, పొద్దున్న లేచాక నాడి ఎంత ఉంటోంది అన్నది రాయండి. నొప్పికి రెండో మాత్ర కూడా చేర్చి నెల చూసి, అప్పటికీ మెట్లు ఎక్కలేకపోతుంటే తీగతో కొలిపించమని అడగడం సబబా, లేక ఇప్పుడేనా అన్నది వాటిని బట్టి చెప్పగలను.